కట్టప్ప వర్సెస్ కాలభైరవ: ఉప్పాడ ఒడ్డున పదేళ్ళుగా తేలని కత్తి పంచాయితీ

ఉప్పాడ బీచ్ రోడ్డు మీద నిలబడి మిరపకాయ బజ్జీ తినాలంటే రెండు కళ్ళూ రెండు డ్యూటీలు చెయ్యాలి. ఒక కన్ను బజ్జీ మీద, ఇంకో కన్ను కెరటం మీద. పోటు మీదున్నప్పుడు సముద్రం రాళ్ళకట్ట ఎక్కి సరాసరి రోడ్డు మీదకే వచ్చేస్తుంది. బైకు సీటు తడుస్తుంది, ప్లేటులో ఉల్లిపాయ ముక్కలకి కొత్తగా ఉప్పు పడుతుంది. ఈ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అలాంటి ఒక సాయంత్రమే, సగం తడిసిన ప్లేటు చేత్తో పట్టుకుని మా పిన్ని కొడుకు అడిగాడు.

"అన్నయ్యా, కట్టప్పా జోరో కొట్టుకుంటే ఎవడు గెలుస్తాడు?"

వాడు ఇంటర్ సెకండియర్. వాడి ఫోన్ వాల్‌పేపర్ మీద జోరో ఉంటాడు. తెలియనివాళ్ళకి చెబుతున్నా, జోరో అంటే 'వన్ పీస్' అనే జపాన్ మాంగాలో కత్తివీరుడు. మూడు కత్తులతో పోరాడతాడు. రెండు చేతుల్లో రెండు, మూడోది నోట్లో. 1997 నుంచి నడుస్తున్న కథ అది, ఇంకా అవ్వలేదు. మన సీరియళ్ళని ఊరికే ఆడిపోసుకుంటాం గానీ.

నేను నోరు తెరిచేలోపే నా పక్కనున్నవాడు అందుకున్నాడు. "జోరో సంగతి తర్వాత చూద్దాం. ముందు కట్టప్పని మా భైరవతో తేల్చుకోమను. పదేళ్ళైంది."

అక్కడితో మొదలైంది. నిజానికి మొదలవ్వలేదు, ఆగింది మళ్ళీ అందుకుంది.

ఆ పక్కనున్నవాడు నా చిన్నప్పటి ఫ్రెండు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి 'భైరవ పార్టీ' అనుకుందాం. నేను కట్టప్ప పార్టీ. 2009 జులై 31న 'మగధీర' వచ్చింది. మాకప్పుడు 12 ఏళ్ళు. కాకినాడ వెళ్ళి చూసొచ్చిన మర్నాడే వాడు అట్టముక్కతో కత్తి చేసుకుని, వలలు ఆరేసిన చోట ఒక్కడే వందమందిని నరికేశాడు. ఆ వందమందిలో నేనే ఓ ముప్పైసార్లు చచ్చాను. తర్వాత 2015 జులై 10న 'బాహుబలి' మొదటి భాగం వచ్చింది. అప్పటికి ఇంటర్ అయిపోయింది, నేను బీటెక్ కౌన్సెలింగ్ కోసం ఎదురు చూస్తున్నాను, వాడు వాళ్ళ నాన్నతో బోటెక్కడం మొదలుపెట్టాడు. సినిమా అయ్యాక హాలు బయట వాడితో ఒకే మాట అన్నాను. "మీ భైరవని ఈ ముసలాయన పది నిమిషాల్లో కూర్చోబెడతాడు." పందెం కేజీ కోటయ్య కాజా. ఆ కాజా ఇప్పటికీ ఎవరూ కొనలేదు.

బాహుబలినే దింపొచ్చు కదా, కట్టప్పే ఎందుకు అని మీరడగొచ్చు. రాజు రాజుతో, రాకుమారుడు రాకుమారుడితో కొట్టుకుంటే అది ఆస్తి తగాదా. భైరవా కట్టప్పా ఇద్దరూ రాజులు కారు. ఒకడు ఉదయగఢ్ రాజుగారి దగ్గర యోధుడు, ఇంకొకడు మాహిష్మతి సింహాసనానికి బానిస. ఇద్దరి కత్తీ వేరేవాళ్ళ కోసమే ఒరలోంచి బయటికొస్తుంది. ఒకరకంగా చెప్పాలంటే ఇద్దరూ ఉద్యోగులే. అందుకే ఈ జోడీ నాకు నచ్చింది. ఇంకో రూల్ కూడా ఉంది. పిఠాపురం నియోజకవర్గం వాళ్ళు పోటీకి అనర్హులు. 2025లో 'హరిహర వీరమల్లు'లో మా ఎమ్మెల్యేగారే కత్తి పట్టారు, ఆయన్ని బరిలోకి దింపితే మా ఊళ్ళో డిస్కషన్ ఉండదు, ఊరేగింపే ఉంటుంది.

ఆ రాత్రి ఇంటికొచ్చాక ఇంజినీరుని కదా, ఊరుకోలేకపోయాను. లాప్‌టాప్ తీసి పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాశాను. ఒక్కొక్కరికీ వేగం, బలం, అనుభవం, దమ్ము అని నాలుగు నంబర్లు. కొంచెం అదృష్టం కోసం ర్యాండమ్ నంబరు. పదివేలసార్లు కొట్టుకోమన్నాను. కట్టప్ప గెలిచాడు. భైరవ పార్టీకి స్క్రీన్‌షాట్ పెట్టాను. వాడు వాయిస్ మెసేజ్ పంపాడు: "అనుభవానికి పదికి పది ఎవడేశాడ్రా?" నేనే వేశాను. సరే అని దాన్ని ఎనిమిది చేసి, భైరవ దమ్ము ఒక పాయింటు పెంచి మళ్ళీ రన్ చేశాను. భైరవ గెలిచాడు. అంటే నా ప్రోగ్రాం కత్తియుద్ధాన్ని కాదు, నా అభిమానాన్ని లెక్కేస్తోంది. ఆఫీసులో మేం చేసే చాలా డాష్‌బోర్డులు కూడా ఇంతే అని అప్పుడే అనిపించింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

అయితే లెక్కలన్నీ దండగ కాదు. వందమందిని ఒక్కడే చంపడం గురించి ఒక నిజమైన లెక్కుంది. 1916లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంగ్లండ్ ఇంజినీరు యుద్ధాలకి గణితం రాశాడు. తుపాకుల యుద్ధంలో, అంటే అందరూ అందరినీ ఒకేసారి కొట్టగలిగే చోట, బలం మనుషుల సంఖ్య వర్గం మీద ఆధారపడుతుంది. ఒక్కడు వందమందిని ఎదుర్కోవాలంటే వాళ్ళలో ఒక్కొక్కరి కంటే వందరెట్లు కాదు, 100 ఇంటూ 100, పదివేల రెట్లు గొప్పవాడై ఉండాలి. అదే ఇరుకు సందులో కత్తులతో అయితే ఒకరి తర్వాత ఒకరే రాగలరు. అక్కడ వందరెట్లు గొప్పవాడైతే చాలు. 'మగధీర'లో ఆ పోరాటం మైదానంలో కాకుండా కొండ మీద, ఇరుకు దారిలో పెట్టడం చూడ్డానికి బాగుంటుందని మాత్రమే కాదన్నమాట. షేర్ ఖాన్ వందమందిని పంపుతున్నాడు, కానీ దారి ఒకరిద్దరినే పంపుతోంది. రాజమౌళి లాంచెస్టర్‌ని చదివారో లేదో నాకనవసరం, లెక్క మాత్రం సరిపోయింది.

ఇది చెప్పగానే భైరవ పార్టీ ఎగిరి గంతేశాడు. కానీ ఇదే లెక్క నా పార్టీకి కూడా పనికొస్తుంది. భైరవ గొప్పతనంలో సగం ఆ దారిదే అయితే, చదునైన నేల మీద, ఎదురుగా ఒక్కడే, అదీ జీవితమంతా మాహిష్మతి కుర్రాళ్ళకి కత్తి నేర్పిన గురువు ఉంటే? వందమంది సిపాయిల్ని చంపడం వేరు, ఒక్క గురువు ముందు నిలబడ్డం వేరు.

ఇక కత్తుల సంగతి. 'బాహుబలి'లో పర్షియా నుంచి వచ్చిన అస్లాం ఖాన్ తన కత్తిని తెగ పొగుడుకుంటాడు, సుదీప్ చేసిన పాత్ర. కట్టప్ప కత్తి దెబ్బకి అది రెండు ముక్కలవుతుంది. హాల్లో విజిల్స్. కానీ అసలు చరిత్ర వేరేగా ఉంది, అది తెలిశాక నాకు ఆ సీను ఇంకా నచ్చింది. పర్షియా కత్తులకి అంత పేరు తెచ్చిన ఉక్కులో చాలా భాగం మన దక్కను నుంచే వెళ్ళేది. ఇంగ్లీషువాళ్ళు 'వూట్జ్' అని పిలిచిన ఆ లోహం పేరు మన 'ఉక్కు' అన్న మాట నుంచే పుట్టిందంటారు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుము కరిగించి ఈ ఉక్కు దిమ్మలు తీసేవాళ్ళు. 19వ శతాబ్దం మొదట్లో సర్వే పని మీద వచ్చిన హెన్రీ వాయ్సీ అనే డాక్టరు అక్కడి పని చూసి రాసిపెట్టాడు. సరుకు కొనుక్కోడానికి పర్షియా వ్యాపారులు అంత దూరం నుంచి ఆ ఊరికే వచ్చేవాళ్ళట. లండన్‌లో మైకేల్ ఫారడే అంతటివాడు కూడా 1819లో ఈ ఉక్కుని పరీక్షించి దాని గుట్టు పట్టుకోవాలని చూశాడు. అంటే అస్లాం ఖాన్ ఒంటెల మీద మోసుకొచ్చిన ఆ గొప్ప కత్తి, బహుశా మన కొలిమిలో పుట్టిన దిమ్మే. మన సరుకు మనకే అమ్మడానికి వచ్చాడు పాపం.

ఇంకో మాట. ఆ ఉక్కులో కార్బన్ ఒకటి నుంచి రెండు శాతం దాకా ఉంటుంది. పదును అద్భుతంగా నిలుస్తుంది, కానీ సరిగ్గా కాల్చి సాగదీయకపోతే పెళుసుగా ఉంటుంది. కత్తి కత్తిని 'కొయ్యడం' సినిమా, పెళుసు కత్తి పుటుక్కున 'విరగడం' మాత్రం జరిగే పనే. కాబట్టి మొదటి రౌండులో భైరవ కత్తి విరిగే ప్రమాదం ఉందని నేను వాదించాను.

"విరిగితే విరగనీ, తెడ్డుతో కొడతాడు" అన్నాడు భైరవ పార్టీ.

జోక్ అనుకున్నాడు వాడు. నాకు ఒళ్ళు ఝల్లుమంది, ఎందుకంటే ఇది నిజంగా జరిగిందని జపాన్‌లో చెప్పుకుంటారు. 1612లో మియమోటో ముసాషీకి, ససాకి కొజిరోకి ఒక చిన్న దీవి మీద ద్వంద్వయుద్ధం. కొజిరో దగ్గర చాలా పొడవైన కత్తి ఉంది. ముసాషీ కావాలనే ఆలస్యంగా బయల్దేరి, పడవలో వస్తూ వస్తూ తెడ్డుని చెక్కి అంతకంటే పొడుగు కర్రకత్తి చేసుకున్నాడనీ, దిగీదిగగానే దాంతో కొట్టి చంపాడనీ కథ. 'మగధీర' కథ జరిగేది 1609లో. కేవలం మూడేళ్ళ తేడా. ఇది చెప్పేసరికి భైరవ పార్టీ మొహం వెలిగిపోయింది. అప్పటిదాకా వాడికి కత్తివీరులంటే మీసాలు, గుర్రాలు. ఇప్పుడు వాడు రోజూ పట్టుకునే వస్తువు కూడా ఆయుధాల లిస్టులోకి వచ్చింది. "చూశావా, బోటు ఎక్కినోడే గెలిచాడు" అని ఆ సాయంత్రమంతా బజ్జీల బండి దగ్గర వచ్చినోడికీ పోయినోడికీ ముసాషీ కథ చెప్పాడు. మూడోసారి చెప్పేసరికి ముసాషీ మా ఉప్పాడవాడే అయిపోయాడు.

ఇంట్లో తాతయ్యని అడగడం పెద్ద పొరపాటు. ఆయన జీవితమంతా జాందానీ మగ్గం మీదే గడిచింది. ఇప్పుడు కళ్ళు సహకరించక దిగిపోయాడు గానీ టీవీలో చీర యాడ్ వచ్చినా దారం గురించి ఒక కామెంటు వేస్తాడు. ఆయనకి కట్టప్పా తెలుసు, భైరవా తెలుసు. ఇద్దర్నీ ఒక్క చేత్తో తోసేశాడు.

"కాంతారావు ముందు వీళ్ళేంట్రా అబ్బాయ్."

మీలో చాలామందికి కాంతారావు గారంటే పాత సినిమాల్లో నారదుడు, లేదా 'లవకుశ'లో లక్ష్మణుడు. మా తాతయ్య తరానికి ఆయన కత్తి కాంతారావు. పాత నల్గొండ జిల్లా గుడిబండలో 1923లో పుట్టారు. విఠలాచార్య జానపదాలకి ఆయన పెట్టింది పేరు. 'గురువును మించిన శిష్యుడు' 1963లో, 'జ్వాలాద్వీప రహస్యం' 1965లో వచ్చాయి. ఎదురుగా రాజనాల ఉంటే ఇక చూడక్కర్లేదు. తాతయ్యకి అప్పుడు పదిహేను, పదహారేళ్ళు. మగ్గం దిగి సినిమాకి పరిగెత్తినందుకు వాళ్ళ నాన్న చేతిలో తిన్న దెబ్బలు కూడా లెక్క చెబుతాడు.

నేను యూట్యూబ్‌లో ఒక కాంతారావు ఫైట్ పెట్టి, నవ్వుదామనే కూర్చున్నాను. నవ్వు రాలేదు. తాతయ్య పక్కన కూర్చుని చూపుడువేలితో స్క్రీను మీద చూపిస్తూ చెప్పాడు. "చూడు, మడమ దగ్గర నుంచి తలపాగా దాకా మనిషి మొత్తం కనపడుతున్నాడు. ఎక్కడా తుంచలేదు. మీ సినిమాల్లో చెయ్యొకచోట, మొహం ఒకచోట, రక్తం ఒకచోట. ముక్కలు ముక్కలుగా అతికించిన చీర అది." నిజమే. షాటు పొడుగ్గా ఉంది. కాంతారావు గారు వెనక్కి జరుగుతూ మెట్లెక్కుతున్నారు, ఎక్కడ మెట్టు ఉందో చూసుకోవట్లేదు, కత్తి లయ తప్పట్లేదు. భైరవకి గ్రాఫిక్స్ ఉన్నాయి, దానికి నేషనల్ అవార్డు కూడా వచ్చింది. ఈయనకి ఉన్నది మోకాళ్ళు, ఊపిరి.

కాంతారావు గారు 2009 మార్చి 22న పోయారు. 'మగధీర' ఆ జులైలో వచ్చింది. నాలుగు నెలల తేడాతో ఒక కత్తి దిగింది, ఒక కత్తి లేచింది. మా ఊరి జాందానీకి జీఐ గుర్తింపు వచ్చిందీ ఆ ఏడాదే. మా ఇంట్లో 2009 అంటే మూడు తరాలకి మూడు కారణాలు. తాతయ్యని మళ్ళీ అడిగాను, సరే కాంతారావు గారు పోటీలో లేరనుకో, ఈ ఇద్దరిలో ఎవరు అని. ఆయన కాసేపు ఆలోచించి, "ఎవరు ఎవరికి నేర్పారో చెప్పు" అన్నాడు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు, రెండూ వేరే కథలు అన్నాను. "అయితే ముసలాడే. గురువుకి ప్రమాదం శిష్యుడితోనే ఉంటుంది. పరాయోడితో ఉండదు." నా పార్టీకి ఒక ఓటు.

కనుమ మర్నాడు నేనూ భైరవ పార్టీ బైకు మీద అమలాపురం వెళ్ళాం. కాకినాడ, యానాం దాటి, ఎదుర్లంక వంతెన మీద గోదావరి గాలి మొహాన కొడుతుంటే ముమ్మిడివరం మీదుగా. అమలాపురంలో దసరాకి చెడీ తాలింఖానా జరుగుతుందని గోదావరి జిల్లాల వాళ్ళకి తెలుసు. వీధుల వారీగా వాహనాల ఊరేగింపు, దాని ముందు కర్రలూ కత్తులూ తిప్పుతూ కుర్రాళ్ళు, పెద్దలు. కళ్ళకి గంతలు కట్టుకుని, నేల మీద పడుకున్న మనిషి ఒంటి మీద కూరగాయ పెట్టి కత్తితో నరుకుతారు. కాయ రెండు ముక్కలవుతుంది, మనిషికి గీత పడదు. సినిమా కాదు. కట్ చెప్పే డైరెక్టరు లేడు. భైరవ పార్టీ వాళ్ళ చుట్టాల్లో ఒకాయన అందులో ఏళ్ళ తరబడి కత్తి తిప్పారు. మా ప్రశ్న విని ఆయన నవ్వలేదు. లోపలికెళ్ళి గుడ్డలో చుట్టిన కత్తి తెచ్చి నా చేతిలో పెట్టారు.

కిలో పైచిలుకు ఉంటుందేమో. కిలో అంటే ఏముంది, నా లాప్‌టాప్ అంతకంటే బరువు అనుకున్నాను. ఆయన చెప్పినట్టు చేయి చాచి, మణికట్టుతో ఎనిమిది అంకె తిప్పడం మొదలుపెట్టాను. ఇరవై సెకన్లకి ముంజేయి మండింది. నలభై సెకన్లకి భుజం. నిమిషానికి కత్తి మొన నేలని చూస్తోంది, నేను ఆకాశాన్ని చూస్తున్నాను. కత్తి బరువు పిడి దగ్గర ఉండదు, దూరంగా ఉంటుంది, ఆ దూరమే చంపుతుంది. టార్క్ అని బీటెక్‌లో రాసి మార్కులు తెచ్చుకున్నాను, భుజానికి తెలిసింది మాత్రం ఆరోజే. భైరవ పార్టీ తీసుకుని రెండున్నర నిమిషాలు తిప్పాడు. పదేళ్ళు వల లాగిన చేతులు.

"వందమందిని నరకడానికి ఎంతసేపు పడుతుందండీ?" అడిగాడు వాడు.

ఆయన లెక్కేశారు. మనిషికి పది సెకన్లు వేసినా పదిహేడు నిమిషాలు, ఆగకుండా. "పదిహేడు నిమిషాలు నేను పండగరోజున కూడా ఆపకుండా తిప్పలేనండి. కానీ ఒకటండి. ఆయన వెనకాల ఎవరో ఉన్నారంటున్నారు కదా. ఉంటే తిప్పుతాడు, ఆయ్."

తర్వాత ఆ కళ్ళగంతల విద్య గురించి అడిగాను. కొట్టేవాడి గురించే అందరూ అడుగుతారు, పడుకున్నవాడి గురించి ఎవరూ అడగరు అన్నారాయన. పడుకున్నవాడు బెదిరి ఒక్క అంగుళం కదిలితే కథ వేరేలా ఉంటుంది. కత్తి వాడికి కనపడుతూ ఉంటుంది, కొట్టేవాడికి కనపడదు. "కొట్టేవాడు మనవాడే అని వాడు నమ్మాలండి. నమ్మకపోతే పడుకోడు."

తిరిగొస్తుంటే ఎదుర్లంక వంతెన మీద బైకు ఆపాడు భైరవ పార్టీ. గోదావరిని చూస్తూ, "నీ కట్టప్ప ఓడిపోయాడ్రా" అన్నాడు.

ఎలా అన్నాను.

"బాహుబలి ఆయన్ని నమ్మాడు. వీపు తిప్పి నిలబడ్డాడు. వీపులో పొడిచాడు మీవోడు. ఇంక కత్తి ఎంత బాగా తిప్పితే ఏంటి?"

దీనికి నా దగ్గర పదేళ్ళుగా తయారుగా ఉన్న సమాధానం ఒకటుంది, అదే చెప్పాను. కట్టప్ప తనకోసం చంపలేదు. శివగామి ఆజ్ఞ. నువ్వు చెయ్యకపోతే నేనే చేస్తానంది. బానిసకి ఛాయిస్ ఎక్కడుంది? అస్లాం ఖాన్ విడిపిస్తానంటే కూడా పూర్వీకుల మాట కోసం ఒప్పుకోలేదు, అంత నిజాయితీ. 2015 నుంచి 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేదాకా దేశమంతా 'ఎందుకు చంపాడు' అని అడిగింది. నా దృష్టిలో ప్రశ్న అది కాదు. ఆజ్ఞ తప్పని తెలిసీ చేసినవాడిని ఏమనాలి అన్నది ప్రశ్న.

మా తమ్ముడి జోరో ఇక్కడ పనికొచ్చాడు. జోరో ఒకసారి తనకంటే ఎన్నో రెట్లు గొప్పవాడైన మిహాక్ అనే కత్తివీరుడి చేతిలో చిత్తుగా ఓడిపోతాడు. చివరి దెబ్బకి ముందు పారిపోడు, వెనక్కి తిరగడు. ఎదురు తిరిగి రొమ్ము చూపిస్తాడు. వాళ్ళ లెక్కలో వీపు మీద గాయం కత్తివీరుడికి సిగ్గు. మన పల్నాటి వీరుల కథల్లోనూ ఈ లెక్క ఉంది, పారిపోయినవాడికి వీపున గాయం. కానీ ఇద్దరిలో ఎవరి కథా చెప్పని ఒక కేసుంది. వీపున గాయమైనవాడు పారిపోకుండా, నమ్మి నిలబడి ఉంటే సిగ్గు ఎవరిది?

ఇప్పుడు ఆఫీసు సంగతి చెప్పాలి.

నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో టీం లీడ్‌ని. పోయిన ఏడాది ఒక శుక్రవారం నాకొక ఎక్సెల్ షీట్ వచ్చింది. ఎనిమిదిమంది పేర్లు, పక్కన రేటింగు కాలమ్. ఒకరికి మాత్రం తప్పనిసరిగా అడుగు రేటింగు ఇవ్వాలన్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, నాకు అర్థమైంది. నా టీంలో పని రానివాళ్ళు ఎవరూ లేరు. ఒకడి పేరు పక్కన ఆ నంబరు వేశాను. ఎవడు తక్కువ గొడవ చేస్తాడో వాడి పేరు పక్కన. అప్పటికి వారం ముందే, ప్రొడక్షన్ పడిపోయిన రాత్రి మూడింటిదాకా నాతో కూర్చుని నిలబెట్టింది వాడే. "అన్నా నువ్వు పడుకో, నేను చూస్తా" అన్నది వాడే. సోమవారం పొద్దున్న వాడి లాగిన్ పనిచెయ్యలేదు. నాకు మెసేజ్ చేశాడు: "అన్నా, వీపీఎన్ ప్రాబ్లమా?" నేను చూసి, రిప్లై ఇవ్వలేదు.

ఆ స్క్రిప్టులో కట్టప్పకి అనుభవం పదికి పది ఎందుకేశానో వంతెన మీద నిలబడితే తెలిసొచ్చింది. ఆజ్ఞ ప్రకారం చేసినవాడు గెలవాలి నాకు. పదేళ్ళ కిందట సరదాకి, పోయిన ఏడాది నుంచి అవసరానికి.

ఇదంతా భైరవ పార్టీకి చెప్పాను. వాడు తిట్టలేదు, ఓదార్చలేదు కూడా. "భైరవ కూడా ఒకసారి ఆజ్ఞ విన్నాడ్రా" అన్నాడు. నిజమే, నేను మర్చిపోయాను. పందెంలో గెలిచి మిత్రవిందని దక్కించుకున్నాక, నీ వంశంలో మగవాళ్ళు ఎక్కువకాలం బతకరు, నా కూతుర్ని వద్దను అని రాజుగారు అడుగుతాడు. భైరవ మాట ఇచ్చి, ఆమె మొహం మీదే వద్దంటాడు. ఆమెకి కారణం కూడా చెప్పడు. "అప్పుడు ఎవడికీ విజిల్ రాలేదు. అయినా వాడు మొహం మీద చెప్పాడు" అన్నాడు. అని బైకు స్టార్ట్ చేశాడు.

ఇప్పుడు పందెం సంగతి. నా తీర్పు ఇది, ఒప్పుకోకపోతే కామెంట్లలో కొట్టుకోండి. చదునైన నేల, ఎదురెదురుగా ఇద్దరే, ఎవరి ఆజ్ఞా లేదు, వెనకాల ఎవరూ లేరు అంటే కట్టప్పే గెలుస్తాడు. చాలా త్వరగా గెలుస్తాడు, ఎందుకంటే ఆయన ఒక్క అడుగు కూడా వృథా చెయ్యడు, భైరవ సగం బలం చూడ్డానికి బాగుండేవాటి మీద ఖర్చుపెడతాడు. కానీ అలాంటి యుద్ధానికి వాళ్ళిద్దరూ అసలు రారు. కట్టప్ప రావాలంటే సింహాసనం పంపాలి. భైరవ రావాలంటే వెనకాల మిత్రవింద ఉండాలి. అలా అయితే ఇరుకు దారి, పదిహేడు నిమిషాలు, అమలాపురం పెద్దాయన అన్న మాట. కట్టప్ప దాటలేడు. కత్తి తగ్గి కాదు. ఎదుటివాడి కళ్ళల్లోకి చూస్తూ ఎంతసేపని కొడతాడు, ఆ ఆజ్ఞ మీద తనకే నమ్మకం లేనప్పుడు? ఆయనకి ఒక్కటే దారి ఉంటుంది, భైరవ ఎప్పుడు వెనక్కి తిరుగుతాడా అని కాచుకోవడం. అది ఆయన ఇంతకుముందు చేసిన పనే.

కాజా నేనే కొన్నాను. కాకినాడలో ఆపి కేజీ ప్యాక్ చేయించాం, ఉప్పాడ చేరేసరికి పావుకేజీ తగ్గింది. తమ్ముడు తన వాటా తింటూ, "మరి జోరో వర్సెస్ తాండ్ర పాపారాయుడు?" అన్నాడు. తాతయ్య వెంటనే, "ఎవడ్రా ఆ జోరో, కాంతారావుతో చేశాడా?" అన్నాడు. వాళ్ళిద్దరూ మొదలుపెట్టారు. నేను డాబా మీదకెళ్ళాను. సముద్రం చప్పుడు గట్టిగానే ఉంది, ఎక్కడో రాళ్ళు కదులుతున్నాయి.

ఫోన్ తీసి వాడి చాట్ తెరిచాను. చివరి మెసేజ్ ఆ వీపీఎన్‌దే. దాని కింద ఏం టైప్ చెయ్యాలో తెలియక నాలుగుసార్లు రాసి చెరిపాను. చివరికి ఇది పంపాను: "కట్టప్ప వర్సెస్ భైరవ. ఎవరు గెలుస్తారు?"

పది నిమిషాల తర్వాత టిక్కులు నీలం అయ్యాయి. ఇంకో పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత వచ్చింది.

"ఇప్పుడు గుర్తొచ్చానా అన్నా. భైరవ."

కాల్ బటన్ నొక్కాను. ఆరు రింగుల తర్వాత ఎత్తాడు.